ఆగకుండా వచ్చే మార్కెటింగ్ కాల్స్: బ్లాక్ చేసి ఊరుకోకండి, అదే రోజు కంప్లైంట్ పెట్టండి

పొద్దున పదిన్నరకి పర్సనల్ లోన్, పన్నెండింటికి క్రెడిట్ కార్డు, అన్నం కలుపుకుంటుంటే "సార్, షాద్‌నగర్ దగ్గర ప్రీలాంచ్ వెంచర్ సార్, సైట్ విజిట్‌కి క్యాబ్ మేమే పంపిస్తాం". హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకునేవాళ్లకి ఈ వరస కొత్తగా చెప్పక్కర్లేదు. ఇంట్లో ఇంటర్ పూర్తయిన పిల్లలుంటే వేసవిలో వీటికి తోడు కాలేజీల వాళ్లు, "మీ బాబుకి ఎంసెట్‌లో ఎంత ర్యాంకు వచ్చిందండీ?" అని పిల్లాడి పేరుతో సహా అడుగుతారు. అప్పుడు మనం చేసేది ఒకటే, వద్దని పెట్టేసి ఆ నంబర్‌ని బ్లాక్ చేయడం. నేనూ చాలా ఏళ్లు అదే చేశాను. బ్లాక్ లిస్టు పెరిగింది గానీ కాల్స్ తగ్గలేదు.

ఎందుకు తగ్గవంటే, మనం బ్లాక్ చేశామన్న సంగతి మన ఫోన్‌కి తప్ప ఇంకెవరికీ తెలియదు. వాళ్లు రేపు ఇంకో సిమ్ నుంచి చేస్తారు. అదే కంప్లైంట్ పెడితే ఆ నంబర్ పేరిట టెలికాం కంపెనీ దగ్గర ఒక లెక్క పడుతుంది. 2025 ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ మార్చిన నిబంధనల ప్రకారం ఒక నంబర్ మీద పది రోజుల్లో ఐదు కంప్లైంట్లు వస్తే చాలు, చర్య తీసుకోవాలి. అంతకుముందు ఏడు రోజుల్లో పది రావాల్సి ఉండేది. అంటే మనలాంటి వాళ్లు ఐదుగురు రెండేసి నిమిషాలు కేటాయిస్తే ఆ నంబర్ పని అయిపోయినట్టే. కానీ నూటికి తొంభై మంది విసుక్కుని వదిలేస్తారు, వాళ్లకి కావాల్సిందీ అదే.

మొదటి పని డీఎన్‌డీ

డీఎన్‌డీ అంటే 'డు నాట్ డిస్టర్బ్', ప్రచార కాల్స్, మెసేజ్‌లు వద్దని నమోదు చేసుకోవడం. మీ సిమ్ ఏ కంపెనీదైనా సరే, 1909 నంబర్‌కి ఇంగ్లీషు అక్షరాల్లో స్టార్ట్ అని టైప్ చేసి, ఒక స్పేస్ ఇచ్చి, సున్నా కొట్టి ఎస్ఎంఎస్ పంపండి. ఇది పూర్తి బ్లాక్. టైప్ చేయడం కష్టమైతే అదే 1909కి కాల్ చేసి చెప్పొచ్చు, డబ్బులు పడవు. మీ సిమ్ కంపెనీ యాప్‌లోనూ, ట్రాయ్ వాళ్ల డీఎన్‌డీ యాప్‌లోనూ కూడా ఈ ఆప్షన్ ఉంటుంది. బ్యాంకింగ్, రియల్ ఎస్టేట్, చదువులు, ఆరోగ్యం ఇలా ఎనిమిది విభాగాలుంటాయి, కావాల్సినవి ఉంచుకుని మిగతావి ఆపుకోవచ్చు. నా మాట వింటే విడివిడిగా ఎంచుకుంటూ కూర్చోకండి, మొత్తం ఆపేయండి. లోన్ అవసరమైతే మనమే బ్యాంకుకి వెళ్తాం కదా.

"పూర్తిగా బ్లాక్ చేస్తే ఓటీపీలు రావేమో" అని చాలామంది భయపడతారు, మా ఆఫీసులోనే ఇద్దరు ఆ భయంతో పెట్టుకోలేదు. ఓటీపీలు, డబ్బు జమ అయినట్టు వచ్చే మెసేజ్‌లు, గ్యాస్ బుకింగ్ మెసేజ్‌లు, రైలు టికెట్ మెసేజ్‌లు ఇవన్నీ వస్తాయి. ఆగేది ప్రచారం మాత్రమే. మెసేజ్ పంపినవాళ్ల పేరు చివర ఇప్పుడు గీత పెట్టి ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటోంది చూడండి, 'పీ' అంటే ప్రచారం, 'ఎస్' అంటే సర్వీసు, 'టీ' అంటే లావాదేవీ, 'జీ' అంటే ప్రభుత్వం. డీఎన్‌డీ పెట్టి వారం దాటాక కూడా 'పీ' అని వస్తుంటే మాత్రం వదలకండి.

డీఎన్‌డీ పెట్టినా కాల్స్ వస్తున్నాయంటే కారణాలు రెండు

ఒకటి, రిజిస్టర్ చేసుకున్న టెలీమార్కెటర్ ప్రచారం కోసం 140తో మొదలయ్యే నంబర్ నుంచే చేయాలి, అలాంటి కాల్స్‌ని డీఎన్‌డీ ఆపుతుంది. మనల్ని నిజంగా వేధించేవాళ్లు అలా చేయరు. మామూలు పది అంకెల మొబైల్ నంబర్ నుంచో, 040తో మొదలయ్యే ల్యాండ్‌లైన్ నుంచో చేస్తారు. మామూలు మొబైల్ నంబర్ నుంచి ప్రచార కాల్స్ చేయడమే తప్పు, మీరు డీఎన్‌డీ పెట్టుకున్నారా లేదా అనేది తర్వాతి మాట. వీళ్లని డీఎన్‌డీ ఆపలేదు, కంప్లైంట్ ఒక్కటే ఆపుతుంది.

రెండోది మన చేతులారా ఇచ్చే అనుమతి. ఏదో యాప్‌లో "ఫ్రీగా సిబిల్ స్కోర్ చూసుకోండి" అని ఉంటే చూస్తాం, కింద చిన్న అక్షరాల పక్కన టిక్ అప్పటికే పెట్టి ఉంటుంది. ఆ టిక్‌తో "నాకు ఫోన్ చేయండి, డీఎన్‌డీ ఉన్నా ఫర్వాలేదు" అని మనమే రాసిచ్చినట్టు. ఇల్లు అద్దెకి కావాలని ఏ సైట్‌లోనో నంబర్ కొడితే ఆ సాయంత్రం నుంచే బ్రోకర్లు మొదలవుతారు. ఇలాంటి చోట సెట్టింగ్స్‌లోకి వెళ్లి కమ్యూనికేషన్ అనుమతులు తీసేయాలి, అవసరం తీరాక ఆ అకౌంటే డిలీట్ చేయాలి. యాప్‌ని ఫోన్‌లోంచి తీసేస్తే సరిపోదు, అకౌంట్ వాళ్ల దగ్గరే ఉంటుంది, నంబరూ అక్కడే ఉంటుంది.

కాల్ ఎత్తాక ఏం మాట్లాడాలి

మా పక్కింటి అమ్మాయి అమీర్‌పేటలో ఒక కంపెనీలో ఏడాది పాటు టెలీకాలర్‌గా చేసింది. తను చెప్పిన మాట ఒకటి నాకు బాగా పనికొచ్చింది. "అంకుల్, మీరు తిట్టారా మర్యాదగా మాట్లాడారా అనేది ఎక్కడా ఎక్కదు. కాల్ అయ్యాక మేం ఒక రిమార్క్ పెట్టాలి అంతే. 'ఇప్పుడు బిజీ, తర్వాత చేయమ్మా' అన్నారనుకోండి, అది ఫాలోఅప్‌లో పడుతుంది, సాయంత్రం సిస్టమే మళ్లీ మీకు కలుపుతుంది. ఎత్తకపోతే కూడా మళ్లీ వస్తుంది."

మొహమాటానికి మనం అనే "తర్వాత చూద్దాం", "ఇంట్లో అడిగి చెప్తా" అన్న మాటలే వాళ్లకి పిలుపు. అలా అనకండి. నేను అనేది ఇదీ: "ఏ కంపెనీ నుంచి చేస్తున్నారండీ? ఏ బ్యాంకు లోన్? సరే, నాకు అవసరం లేదు. ఈ నంబర్‌కి మళ్లీ చేయొద్దని రాసుకోండి." అంతే, గొంతు పెంచకుండా, ఇరవై సెకన్లలో అయిపోతుంది. కంపెనీ పేరు అడగడం ముఖ్యం, కంప్లైంట్‌లో అది రాస్తే బలం. అవతల మాట్లాడేది నెలజీతానికి టార్గెట్లు మోస్తున్న పిల్లలు, రోజంతా తిట్లు తింటుంటారు, వాళ్ల మీద కోపం చూపించి సాధించేదేమీ లేదు. మన కోపమంతా కంప్లైంట్‌లోకి వెళ్లాలి.

రికార్డు చేసిన గొంతుతో వచ్చి "వివరాలకు ఒకటి నొక్కండి, వద్దనుకుంటే రెండు నొక్కండి" అనేవి ఉంటాయి చూడండి, వాటికి ఏ అంకే నొక్కకండి. కట్ చేసి నంబర్ రాసుకోండి.

ప్లాట్లు, ఫ్లాట్ల కాల్స్‌కి మాత్రం ఒక మంచి ప్రశ్న ఉంది. "మీ ప్రాజెక్టు రెరా రిజిస్ట్రేషన్ నంబర్ చెప్పండి" అని అడగండి. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం మూడో సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ప్రాజెక్టుని ప్రచారం చేయకూడదు, బుకింగ్ తీసుకోకూడదు, అమ్మకూడదు. 500 చదరపు మీటర్ల లోపు స్థలానికి, ఎనిమిది ఫ్లాట్ల లోపు కట్టడాలకి మినహాయింపు ఉంది గానీ ఫోన్లు చేసి అమ్మే వెంచర్లు అంత చిన్నవి ఉండవు. అమ్మిపెట్టే ఏజెంట్‌కి కూడా విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. "ప్రీలాంచ్ కదా సార్, రెరా వచ్చాక రేటు పెరుగుతుంది" అని జవాబొస్తే, అది చట్టప్రకారం చేయకూడని అమ్మకమని వాళ్ల నోటితోనే చెప్పినట్టు. ఆ బ్రోచర్ వాట్సాప్‌లో పెట్టమనండి, పెడతారు కూడా. దాన్ని తెలంగాణ రెరాకో, ఏపీ రెరాకో కంప్లైంట్‌గా పంపొచ్చు. ప్రీలాంచ్ పేరుతో జీవితకాలం దాచుకున్న డబ్బు పోగొట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతున్న కుటుంబాలు మన చుట్టూనే ఉన్నాయి, కాబట్టి ఈ కంప్లైంట్ మన విసుగు తీర్చుకోవడానికి మాత్రమే కాదు.

ఇక కంప్లైంట్ పెట్టడం, దీన్ని కాస్త నిదానంగా చదవండి

కాల్ వచ్చిన ఏడు రోజుల్లోపు పెట్టాలి, ఇదివరకు మూడు రోజులే ఉండేది. ఏడు ఉన్నా అదే రోజు పెట్టేయండి, వాయిదా వేస్తే ఇక పెట్టరు. కావాల్సినవి నాలుగే: మీ నంబర్, చేసినవాళ్ల నంబర్, తేదీ, ఏ విషయం మీద చేశారో క్లుప్తంగా ఒక ముక్క. మీరు డీఎన్‌డీలో లేకపోయినా కంప్లైంట్ పెట్టే హక్కు మీకుంది, ఇది కూడా 2025 మార్పుల్లో వచ్చిందే.

ఎస్ఎంఎస్‌తో అయితే 1909కి ఇలా పంపాలి: ముందు విషయం, కామా, వాళ్ల పది అంకెల నంబర్, కామా, తేదీ. మొన్న మంగళవారం ఒంటిగంటా ఇరవైకి నాకొక పర్సనల్ లోన్ కాల్ వచ్చింది. పెట్టేయగానే కాల్ లిస్టులో ఆ నంబర్ మీద వేలు నొక్కిపట్టి కాపీ చేశాను, 1909 మెసేజ్ తెరిచి ఇంగ్లీషు అక్షరాల్లో "అన్‌వాంటెడ్ పర్సనల్ లోన్ కాల్" అని కొట్టి, కామా పెట్టి నంబర్ అతికించి, మళ్లీ కామా పెట్టి రోజు, నెల, సంవత్సరం రెండేసి అంకెల్లో వేసి పంపాను. పెరుగన్నం కలిపే లోపు అయిపోయింది. కాసేపటికి కంప్లైంట్ నంబర్‌తో మెసేజ్ వచ్చింది. ఆ మెసేజ్‌ని డిలీట్ చేయకండి, ఏమైందో తర్వాత అడగడానికి అదే ఆధారం.

ఒక్క జాగ్రత్త, నంబర్‌లో అంకె తప్పితే ఆ శిక్ష ఏ పాపం తెలియనివాళ్ల మీద పడొచ్చు, అందుకే చేత్తో కొట్టకుండా కాపీ చేయమంటున్నాను. డీఎన్‌డీ యాప్‌లో అయితే కాల్ లిస్టులోంచే నంబర్ ఎంచుకోవచ్చు, రోజుకి మూడు నాలుగు వచ్చేవాళ్లకి అదే సుఖం.

కంప్లైంట్ నిజమని తేలితే, రిజిస్టర్ కాకుండా కాల్స్ చేసేవాళ్ల మీద ఐదు రోజుల్లో చర్య ఉండాలి, ఇదివరకు ముప్ఫై రోజులు పట్టేది. మొదటి తప్పుకి వాళ్ల పేరు మీదున్న కనెక్షన్ల నుంచి బయటికి కాల్స్ వెళ్లకుండా పదిహేను రోజులు ఆపేస్తారు. మళ్లీ చేస్తే అన్ని కనెక్షన్లూ ఏడాది పాటు కట్, అదీ ఒక్క కంపెనీలో కాదు, అన్ని కంపెనీల్లోనూ. మీకు వచ్చే జవాబు ఒక్కోసారి పొడిపొడిగా "చర్య తీసుకున్నాం" అని ఉంటుంది, ఒక్కోసారి "ఆధారాలు చాలలేదు" అని మూసేస్తారు. మూసేశారని మానేయకండి. అదే నంబర్ మీద ఇంకెవరో పెట్టిన నాలుగింటికి మీది ఐదోది కావచ్చు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అందరికీ ఒకే వెంచర్ నుంచి కాల్స్ వస్తుంటాయి కదా, ఆ నంబర్ గ్రూపులో పెట్టి, కాల్ వచ్చినవాళ్లంతా ఎవరికి వాళ్లు 1909కి పంపమని అడగండి. మా బ్లాక్‌లో అలా ఒకే రోజు ఏడుగురం పంపాం, ఆ నంబర్ నుంచి మా ఎవరికీ మళ్లీ రాలేదు.

బ్యాంకు పేరు చెప్పి పదే పదే చేస్తుంటే ఇంకో దారి కూడా ఉంది. ఆ బ్యాంకు వెబ్‌సైట్‌లో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ ఈమెయిల్ ఉంటుంది, తేదీలు, టైములు, నంబర్లు వరసగా రాసి "మీ పేరుతో ఈ కాల్స్ వస్తున్నాయి, ఆపించండి" అని పంపండి. చేసేది బయటి ఏజెన్సీ అయినా, వాళ్లని పెట్టుకున్న బ్యాంకుకి బాధ్యత తప్పదు. ముప్ఫై రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. 140 ప్రచారానికి అయితే, 1600తో మొదలయ్యేవి బ్యాంకులు, ఇన్సూరెన్స్ కంపెనీలు మీ ఖాతా పనుల మీద చేసే కాల్స్ కోసం కేటాయించినవి. కాబట్టి "మీ బ్యాంకు నుంచే" అంటూ మామూలు మొబైల్ నంబర్‌లో మాట్లాడేవాళ్లని అనుమానించండి.

తెలియని నంబర్లన్నీ సైలెంట్‌లో పెట్టేయమంటారు, నేను వద్దంటాను

ఐఫోన్‌లో తెలియని కాల్స్‌ని మోగకుండా చేసే సెట్టింగ్ ఉంది, ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఏదో రూపంలో ఉంటుంది. విసిగిపోయి నేనూ ఒకసారి పెట్టుకున్నాను. ఆ వారమే నాన్నకి రక్తపరీక్షలు చేయించాం. శాంపిల్ పాడైంది, మళ్లీ ఇవ్వాలని ల్యాబ్ వాళ్లు మూడుసార్లు చేశారట, నా ఫోన్ మోగనే లేదు. రెండు రోజులు రిపోర్టు కోసం ఎదురుచూసి, వెళ్లి అడిగితే అప్పుడు తెలిసింది. నాన్న అప్పటికి నీరసంతో మంచం మీదే ఉన్నారు, ఆ రెండు రోజులు గుర్తొస్తే ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది. కొరియర్, స్కూలు బస్సు డ్రైవరు, హాస్పిటల్, ఇవేవీ మన కాంటాక్ట్స్‌లో ఉండవు. అందుకని అన్నీ ఆపేసే సెట్టింగ్ కన్నా, స్పామ్ అని అనుమానమున్న వాటికి హెచ్చరిక చూపించే సెట్టింగ్ మేలు. అది గూగుల్ ఫోన్ యాప్‌లో ఉంది, ఎయిర్‌టెల్ లాంటి కంపెనీలు నెట్‌వర్క్ నుంచే చూపిస్తున్నాయి.

వాట్సాప్‌లో వచ్చే ప్రచారానికి డీఎన్‌డీ వర్తించదు. అక్కడ బ్లాక్ చేసేటప్పుడు రిపోర్ట్ కూడా కొట్టండి.

నంబర్ ఎక్కడెక్కడ ఇస్తున్నామో చూసుకోండి

మాల్‌లో కారు నిలబెట్టి పక్కన అద్దాల డబ్బా పెట్టి లక్కీ డ్రా కూపన్లు ఇస్తారు, పేరు, నంబర్, జీతం ఎంత, సొంతిల్లా అద్దిల్లా, అన్నీ రాయిస్తారు. ఆ కాగితం కారు కోసం కాదు, ఆ వివరాల కోసం. రాయకండి, పిల్లల చేత రాయించకండి. బట్టల షాపులో బిల్లు వేసేటప్పుడు నంబర్ అడిగితే "వద్దండీ, నంబర్ లేకుండా వేయండి" అనండి. బిల్లు కోసం ఫోన్ నంబర్ ఇవ్వాలని కస్టమర్ని బలవంతపెట్టకూడదని కేంద్ర వినియోగదారుల శాఖ 2023 మేలోనే వ్యాపారులకి చెప్పింది. తప్పనిసరిగా ఇవ్వాల్సిన చోట్లకి వీలైతే ఒక రెండో సిమ్ ఉంచుకోండి, బ్యాంకుకి, ఆధార్‌కి లింకైన నంబర్ మాత్రం ఇలాంటి చోట రాయకండి.

అమ్మ ఫోన్

మా అమ్మ ఖమ్మంలో ఒక్కతే ఉంటుంది. ఏ ఫోనొచ్చినా ఎత్తుతుంది, "ఎవరు నాన్నా?" అని ప్రేమగా అడుగుతుంది, పెట్టేయడం మర్యాద కాదనుకుంటుంది. ఒకరోజు "ట్రాయ్ నుంచి మాట్లాడుతున్నాం, రెండు గంటల్లో మీ సిమ్ కట్ అవుతుంది, తొమ్మిది నొక్కండి" అని వచ్చిందట. చేతికి పిండి ఉండి నొక్కలేదు, లేకపోతే నొక్కేదే. ట్రాయ్ ఎవరికీ అలా ఫోన్ చేయదు, ఎవరి సిమ్మూ కట్ చేయదు. ఇది మార్కెటింగ్ కాదు, పచ్చి మోసం. ఇలాంటి వాటిని కేంద్ర టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో ఉండే చక్షు అనే ఆప్షన్‌లో రిపోర్ట్ చేయాలి. డబ్బు పోయిందంటే ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు మోసగాళ్ల చేతికి చిక్కకుండా ఆగే అవకాశం అంత ఎక్కువ.

మొన్న ఊరెళ్లినప్పుడు అమ్మ ఫోన్ నుంచే 1909కి చేసి డీఎన్‌డీ పెట్టాను. మా బంధువుల నంబర్లు, పాలబ్బాయి, మందుల షాపు, గ్యాస్, ఆటో అన్నీ తెలుగు పేర్లతో సేవ్ చేశాను. పేరు పడితే మాట్లాడు, నంబర్ పడితే "మా అబ్బాయితో మాట్లాడండి" అని పెట్టెయ్ అని చెప్పాను. "అట్లా అంటే ఏమన్నా అనుకోరూ?" అంది. అనుకోరమ్మా అని చెప్పి, తనతోనే రెండుసార్లు అనిపించాను. ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో 1930 అని రాసి, ఫోన్ ఛార్జింగ్ పెట్టే చోట గోడకి అంటించాను. ఇప్పుడు రాత్రి మాట్లాడేటప్పుడు ఆ రోజు వచ్చిన తెలియని నంబర్లు చదివి చెప్తుంది, నేను రాసుకుంటాను. మర్నాడు తమ్ముడు ఇంటికి వచ్చినప్పుడు అమ్మ ఫోన్‌లోంచి వాటిని 1909కి పంపిస్తున్నాడు.